డెస్కు మీద కూర్చుని చూస్తే వేబ్యాక్ మెషీన్

వార్తల పనికి వాడే ఆన్‌లైన్ సేవల్లో ఒక్కటే ఉంచుకుని మిగతావన్నీ వదులుకోమంటే నేను ఉంచుకునేది వేబ్యాక్ మెషీన్‌ని. నాకు వార్తలు రాయడంలో కన్నా, ఇతరులు రాసినవి సరిచూడటంలో అనుభవం ఎక్కువ. విలేకరులు రాసి పంపిన కాపీలో ప్రతి అంకె దగ్గరా, "గతంలో ఆయనే ఇలా ప్రకటించారు" అన్న ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ఇది ఎక్కడ చూశారు, చూపించండి అని అడగడమే నా ఉద్యోగం. "సైట్లో ఉండేదండీ, ఇప్పుడు తీసేశారు" అనే జవాబు వచ్చినప్పుడల్లా నేను తెరిచేది దీన్నే. కొత్తగా డెస్కుకు వచ్చేవాళ్లకూ జర్నలిజం విద్యార్థులకూ దీన్ని నేర్పుతుంటాను కూడా. వాళ్లు అడిగే ప్రశ్నల వల్లే దీని గొప్పతనమూ తెలిసింది, దీన్ని ఎంతవరకు నమ్మాలో కూడా తెలిసింది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. బ్రూస్టర్ కాల్ అనే కంప్యూటర్ ఇంజినీరు 1996లో ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే లాభాపేక్ష లేని సంస్థను స్థాపించి, వెబ్ పేజీల నకళ్లు దాచడం మొదలుపెట్టారు. ఆ నకళ్లను ఎవరైనా తెరిచి చూసే వీలు 2001లో వచ్చింది. దాని పేరే వేబ్యాక్ మెషీన్. వాడుకోవడానికి రుసుము లేదు. 2025 అక్టోబరు నాటికి అందులో దాచిన పేజీలు లక్ష కోట్లకు చేరాయి. ఒక వెబ్ చిరునామా ఇస్తే, ఆ పేజీ ఏయే తేదీల్లో ఎలా ఉండేదో తీసి చూపిస్తుంది. 2013 నుంచి మనమే ఒక పేజీ చిరునామా ఇచ్చి "దీన్ని ఇప్పుడే దాచు" అని అడిగే సౌకర్యం కూడా ఉంది. వార్తల పనిలో నాకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది ఈ రెండోదే.

అంత అవసరం ఏముంది అనేవాళ్లకు కొన్ని లెక్కలు చెబుతాను. హార్వర్డ్ లా స్కూల్ పరిశోధకులు 2021లో న్యూయార్క్ టైమ్స్ సైట్‌లోని కథనాలను తీసుకుని, వాటిలో ఇచ్చిన లింకులన్నీ తెరుచుకుంటున్నాయో లేదో చూశారు. ఇరవై లక్షలకు పైగా లింకులు. ఏదైనా సైట్ మొదటి పేజీకి కాక లోపలి పేజీకి ఇచ్చిన లింకుల్లో 25 శాతం పూర్తిగా చచ్చిపోయాయి. 1998 నాటి కథనాల్లోనైతే 72 శాతం. 2018 నాటివి కూడా అప్పటికే 6 శాతం పోయాయి. అమెరికాలోని ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే పరిశోధన సంస్థ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్లలో కనబడకుండా పోయాయి. వార్తా సైట్ల పేజీల్లో 23 శాతం కనీసం ఒక్క చచ్చిన లింకునైనా మోస్తున్నాయి.

ఇది గ్రంథాలయాల వాళ్ల సమస్యలే అని పక్కన పెట్టేయడానికి లేదు. కథనంలో లింకు ఇవ్వడమంటే, నా మాట మీద నమ్మకం లేకపోతే మీరే తెరిచి చూసుకోండి అని పాఠకుడికి చెప్పడం. ఆ తలుపు మూసుకుపోయాక మిగిలేది విలేకరి మాట మాత్రమే. హార్వర్డ్ వాళ్లు ఇంకో సంగతి కూడా గమనించారు. కొన్ని లింకులు తెరుచుకుంటాయి గానీ, లోపల ఉన్నది కథనం రాసిన రోజున ఉన్నది కాదు. నాకైతే చచ్చిన లింకు కన్నా ఇదే ఎక్కువ ప్రమాదకరంగా కనిపిస్తుంది. చచ్చిన లింకు దగ్గర పాఠకుడికి ఆధారం పోయిందని తెలుస్తుంది. మారిన పేజీ దగ్గర విలేకరే అబద్ధం రాశాడనుకుంటాడు.

ఇక వాడకం. చిరునామా పెట్టగానే పైన ఏళ్ల వరుస, కింద ఆ ఏటి క్యాలెండరు వస్తాయి. నకలు ఉన్న తేదీల మీద చుక్కలుంటాయి. నీలం చుక్క అయితే పేజీ సరిగ్గా దొరికిందని, ఆకుపచ్చ అయితే ఆ చిరునామా వేరేచోటికి మళ్లించిందని, నారింజ అయితే పేజీ లేదని జవాబు వచ్చిందని, ఎరుపు అయితే సర్వర్ దగ్గరే లోపమని అర్థం. చాలామంది నీలం చుక్కలనే చూసి ఊరుకుంటారు. నేను నారింజ చుక్కల్ని కూడా చూడమంటాను. నీలం చుక్కలు ఆగిపోయి నారింజవి మొదలైన చోటే ఆ పేజీని తీసేసిన కాలం దొరుకుతుంది. "ఫలానా తేదీ వరకు ఉంది, ఫలానా తేదీకి లేదు" అని రాయగలుగుతాం. ఆ రెండు తేదీల మధ్య ఏ రోజు తీసేశారో మాత్రం రాయలేం, రాయకూడదు కూడా.

నకలు తెరిచాక చిరునామాలో పద్నాలుగు అంకెల వరుస కనిపిస్తుంది. ఏడాది, నెల, తేదీ, గంట, నిమిషం, సెకను ఆ వరుసలో ఉంటాయి. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. అది యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక కాలమానం. మనం ఉన్న చోటి గడియారం కాదు, ఆ పేజీ పెట్టినవాళ్ల గడియారమూ కాదు. ఒక ప్రకటన ఎన్నికల ఫలితాలకు ముందు వచ్చిందా తర్వాత వచ్చిందా అనేది గంటల తేడాతో తేలాల్సి వచ్చినప్పుడు ఈ సంగతి మరిచిపోతే కథనం మొత్తం తలకిందులవుతుంది. యూటీసీ సమయాన్ని సంఘటన జరిగిన చోటి కాలమానంలోకి మార్చి, రెండూ కాపీ పక్కన నోట్‌లో రాయమని మా వాళ్లకు చెబుతాను.

రెండు నకళ్లను పక్కపక్కన పెట్టి పోల్చే సౌకర్యం మరొకటి ఉంది. ఎంచుకున్న రెండు తేదీల మధ్య పేజీలోంచి పోయిన మాటలు పసుపు రంగులోనూ, కొత్తగా చేరినవి నీలం రంగులోనూ వస్తాయి. ఒక్క మాట కోసం పేజీ అంతా కళ్లు కాయలు కాసేలా వెతికే బాధ తప్పింది. ఒక్క మాట ఎంత పని చేస్తుందో చెప్పడానికి నేను తరగతిలో ఎప్పుడూ చూపించే ఉదాహరణ వైట్‌హౌస్ సైట్‌ది. 2003 మే 1న ఇరాక్ యుద్ధం గురించి అధ్యక్షుడు బుష్ ప్రసంగించాక, ఆ పేజీకి పోరాట కార్యకలాపాలు ముగిశాయి అని హెడ్డింగ్ పెట్టారు. యుద్ధం ఆగలేదు. కొన్నాళ్లకు అదే పేజీ హెడ్డింగ్‌లో "ప్రధాన" అన్న మాట వచ్చి చేరింది. ప్రధాన పోరాట కార్యకలాపాలు ముగిశాయి అని. తేదీ మారలేదు, మార్చినట్టు ఎక్కడా చెప్పలేదు. పాత నకలు ఉండబట్టే ఆ తేడా లోకానికి తెలిసింది.

ఇలాంటిది ప్రభుత్వం చేస్తే పెద్ద వార్తగా రాస్తాం. మరి వార్తా సంస్థలు చేస్తే? హెడ్డింగ్ తప్పు పోయిందని ఎవరో ఫోన్ చేస్తారు, డెస్కులో ఎవరో మార్చేస్తారు, కింద సవరణ అన్న ఒక్క గీత కూడా పడదు. ఎన్నో సైట్లలో రోజూ జరిగేదే. అమెరికాలోని సొసైటీ ఆఫ్ ప్రొఫెషనల్ జర్నలిస్ట్స్ 2014లో సవరించుకున్న నియమావళిలో తప్పుల్ని ఒప్పుకుని, త్వరగా, అందరికీ కనిపించేలా దిద్దాలని ఉంది. ఏం దిద్దామో స్పష్టంగా చెప్పాలని కూడా ఉంది. దీన్ని ఎంతమంది పాటిస్తున్నారో తెలుసుకోవాలంటే వేబ్యాక్ మెషీన్‌లో తమ సైట్ కథనాలనే పెట్టి పోల్చి చూసుకోవాలి. నేనైతే ప్రతి వార్తా సంస్థా అప్పుడప్పుడూ ఈ పని చేసి తీరాలంటాను. ఇతరుల పాత పేజీలు తవ్వేవాళ్లు తమ పాత పేజీల ముందు నిలబడగలగాలి.

దాచే సౌకర్యం దగ్గరికి వస్తాను. పరిశోధన కథనాల్లో నేను పట్టుబట్టే వరుస ఒకటుంది. ముందు పేజీని దాచాలి, ఆ తర్వాతే వివరణ కోసం ఫోన్ చేయాలి. ఒకసారి మా విలేకరి ఒకరు ఒక వైద్య పరికరం గురించి రాస్తున్నారు. దానికి నియంత్రణ సంస్థ ఆమోదం ఉందని తయారీదారుల సైట్లో స్పష్టంగా ఉంది. ఆమోదించినవాటి జాబితాలో చూస్తే దాని పేరు లేదు. వివరణ అడగబోయే ముందు ఆ పేజీని దాచేశాం. ఉదయం మెయిల్ వెళ్లింది, సాయంత్రానికి పేజీలో ఆమోదం అన్న మాట పోయి దరఖాస్తు అన్న మాట వచ్చింది. జవాబులో మాత్రం, మేమెప్పుడూ ఆమోదం ఉందని చెప్పలేదని రాశారు. దాచిన నకలు లింకు పంపి మళ్లీ అడిగితే అప్పుడు వేరే జవాబు వచ్చింది. కథనంలో మూడూ వేశాం, పాత మాట, కొత్త మాట, వాళ్ల వివరణ. నకలు లేకపోయి ఉంటే విలేకరి నోట్‌బుక్‌కూ ఒక సంస్థ లాయరుకూ మధ్య వాదనగా మిగిలిపోయేది.

కానీ ఇదే సేవ తొందరపాటు కథనాలకు కూడా దారి తీస్తుంది. ఇంకోసారి మరో విలేకరి ఒక సంస్థ పాలకమండలి పేజీ రెండు నకళ్లు తెచ్చి చూపించారు. మొదటి దానిలో ఉన్న ఒక సభ్యుడి పేరు రెండో దానిలో లేదు. మధ్యలో ఆ సంస్థ మీద ఒక వివాదం నడిచింది. "గుట్టుగా పేరు తొలగించారు" అని కాపీ మొదటి వాక్యం. గుట్టుగా అని ఎవరు చెప్పారు అని అడిగాను. ఆ సంస్థ వార్షిక నివేదిక తెప్పించి చూస్తే, వివాదానికి ముందే ఆయన పదవీకాలం ముగిసినట్టు, ఆ విషయం బహిరంగంగా ప్రకటించినట్టు ఉంది. పేజీని తాజా చేయడమే ఆలస్యమైంది. నకళ్లు రెండూ నిజమైనవే. వాటి మధ్య అల్లిన కథ నిజం కాదు. పేజీ ఏం చెప్పిందో ఈ సేవ చూపిస్తుంది, ఎందుకు మార్చారో చూపించదు. ఎందుకన్నది తెలియాలంటే మనుషుల్ని అడగాలి, కాగితాలు తెప్పించాలి.

ఈ సేవ శక్తీ పరిధీ రెండూ ఒకేచోట కనిపించే సందర్భం ఎంహెచ్ 17 విమానం ఘటన. 2014 జులై 17న తూర్పు ఉక్రెయిన్ మీదుగా వెళ్తున్న ఆ మలేషియా విమానాన్ని కూల్చేశారు. 298 మంది చనిపోయారు. ఆ రోజే రష్యా సోషల్ మీడియా వీకాంటాక్టేలో, వేర్పాటువాద దళాల నాయకుడు ఇగోర్ గిర్కిన్ పేరుతో నడిచే ఒక పేజీలో, ఉక్రెయిన్ సైన్యానికి చెందిన ఏఎన్-26 విమానాన్ని కూల్చామన్న అర్థంలో ఒక పోస్టు వచ్చింది. కూలినది ప్రయాణికుల విమానమని తెలిశాక అది మాయమైంది. కానీ అప్పటికే వేబ్యాక్ మెషీన్ దాన్ని పట్టేసింది. ఆ నకలు సంఖ్య 20140717152222. అంటే యూటీసీలో 15 గంటల 22 నిమిషాల 22 సెకన్లు. అప్పటి మాస్కో సమయం యూటీసీకి నాలుగు గంటలు ముందు కాబట్టి అక్కడ రాత్రి 7.22. విమానం కూలింది యూటీసీలో 13.20 ప్రాంతంలో. అంటే కూలిన రెండు గంటలకు కూడా ఆ పోస్టు అక్కడే ఉంది.

ఇది గుడ్డిగా తగిలిన అదృష్టం కాదు. అంతకు రెండు వారాల ముందే స్టాన్‌ఫర్డ్‌లోని హూవర్ ఇన్‌స్టిట్యూషన్‌లో రష్యా సేకరణలు చూసే అధికారి ఒకరు, ఉక్రెయిన్ సంఘర్షణకు సంబంధించి దాచాల్సిన సైట్ల జాబితా ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు ఇచ్చి ఉన్నారు. ఏది చరిత్ర అవుతుందో ఊహించి ముందే పట్టుకోమన్న మనిషి ఒకరు ఉండబట్టి అది దొరికింది. విలేకరులు కూడా ఇదే అలవాటు చేసుకోవాలని నా కోరిక. ఒక అంశం మీద పని మొదలుపెట్టిన రోజే దానికి సంబంధించిన పేజీలన్నీ దాచిపెట్టుకోవాలి.

అయితే ఆ పేజీ గిర్కిన్ స్వయంగా నడిపినది కాదు, ఆయన మద్దతుదారులు నడిపినదన్న వాదన మొదటి నుంచీ ఉంది. ఫలానా సమయానికి ఫలానా చిరునామాలో ఈ మాటలు ఉన్నాయి అన్నంత వరకే నకలు సాక్ష్యం. రాసిన చెయ్యి ఎవరిదో అది చెప్పలేదు. 2022 నవంబరులో నెదర్లాండ్స్ కోర్టు గిర్కిన్‌తో పాటు మరో ఇద్దరికి, వాళ్లు హాజరు కాకుండానే, జీవిత ఖైదు విధించింది. అక్కడిదాకా రావడానికి ఫోన్ సంభాషణలు, శకలాలు, ఉపగ్రహ చిత్రాలు, సాక్షులు, ఏళ్ల తరబడి దర్యాప్తు కావాల్సి వచ్చాయి. నకలు దొరకగానే "ఒప్పుకున్నాడు" అని హెడ్డింగ్ పెట్టడానికీ, "ఆయన పేరుతో నడిచే పేజీలో ఇలా కనిపించింది" అని రాయడానికీ మధ్య ఉన్న దూరమే మన వృత్తి.

లోపాలు. మొదటిది, నకలు పేజీ చూడటానికి ఒకే ఫొటోలా ఉంటుంది గానీ ఒకే క్షణంలో తీసినది కాదు. అక్షరాలు ఒక రోజు దాచినవి, పక్కన బొమ్మ వేరే నెలలో దాచినది కావచ్చు. అందుకే పాత వార్త పక్కన కొత్త ఫొటో, పాత కథనం పక్కన మరుసటి ఏటి వాతావరణ వివరాలు కనిపిస్తుంటాయి. "ఈ నకలు గురించి" అన్న బటన్ నొక్కితే పేజీలోని ఒక్కో ముక్క ఎప్పటిదో జాబితా ఇస్తుంది. ఫొటో ఆధారంగా ఏదైనా రాసేముందు అది తప్పకుండా చూడాలి. ఆ బటన్ ఎంతో ముఖ్యమైనది, కానీ పైన మూలన ఎవరి కంటా పడకుండా ఉంది. రూపకల్పన చేసినవాళ్లు దాన్ని ముందుకు తేవాలి.

రెండోది ఇంకా సూక్ష్మం. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో ఒక పరిశోధన ప్రచురించారు. దాచిన పేజీలో అప్పట్లో అందని ముక్కలు ఏవైనా ఉంటే, ఆ ముక్క రావాల్సిన వెబ్ చిరునామాను ఇప్పుడు సొంతం చేసుకున్నవాళ్లు, పాత నకలు చూసేవారికి కొత్త విషయాన్ని కనిపించేలా చేయగలరని వాళ్లు నిరూపించారు. రోజూ జరిగే విషయమని అనడం లేదు. కానీ పెద్ద ఆరోపణ ఒక్క నకలు మీదే నిలబడి ఉంటే ఆ ముందు నకలు, తర్వాతి నకలు కూడా తీసి చూడాలి. చిరునామాలోని పద్నాలుగు అంకెల చివర "ఐ, డి" అనే రెండు ఇంగ్లిష్ చిన్న అక్షరాలు, వాటి పక్కన ఒక అండర్‌స్కోర్ చేరిస్తే అలంకారాలేవీ లేకుండా అప్పుడు దాచిన అసలు ఫైలు వస్తుంది. నేను చివరగా చూసేది దాన్నే.

మిగతావి త్వరగా చెబుతాను. లాగిన్ అయితే తప్ప కనిపించని పేజీలు దొరకవు. స్క్రోల్ చేస్తూ పోతే వచ్చే సోషల్ మీడియా పేజీలు సగం సగం వస్తాయి, వీడియోలు చాలావరకు ఆడవు. అన్ని కంప్యూటర్లలోనూ అక్షరాలు ఒకేలా కనిపించేలా చేసే యూనికోడ్ స్థిరపడక ముందు సొంత ఫాంట్లతో నడిచిన సైట్ల పాత నకళ్లు, ఆ ఫాంటు లేకపోతే అర్థం లేని గుర్తుల వరుసల్లా కనిపిస్తాయి. లోపల ఉన్న సమాచారం అలాగే ఉంటుంది కాబట్టి ఆ ఫాంటు తెలిసినవాళ్లతో మార్పించుకోవచ్చు, ఓపిక కావాలి. వెతుకులాట కూడా బలహీనమే. ప్రధానంగా చిరునామా తెలిసినవాళ్ల కోసం కట్టిన సేవ ఇది. పేజీలో ఉన్న మాటలతో వెతకాలనుకుంటే నిరాశే.

సైట్ యజమాని కోరితే నకళ్లు కనిపించకుండా తొలగించే పద్ధతీ ఉంది. వెతికిన పేజీ బదులు, ఈ చిరునామాను మినహాయించాం అన్న సందేశం వస్తుంది. ఎందుకు, ఎవరు అడిగితే, ఎప్పటి నుంచి అన్నవి ఉండవు. ఇతరుల మార్పులకు లెక్క చూపించే సంస్థ తన మినహాయింపులకు కూడా తేదీ అయినా చూపిస్తే బాగుంటుంది.

నాకు ఎక్కువ దిగులు కలిగించేది మాత్రం ఇంత భారం ఒక్క సంస్థ మీద ఉండటం. 2024 ఫిబ్రవరిలో గూగుల్ తన శోధన ఫలితాల్లోని దాచిన పేజీల లింకులను తీసేస్తున్నట్టు ప్రకటించింది. ఆ ఏడే సెప్టెంబరులో ఆ స్థానంలో వేబ్యాక్ మెషీన్‌కు లింకు ఇవ్వడం మొదలుపెట్టింది. మరుసటి నెల, అక్టోబరులో, ఇంటర్నెట్ ఆర్కైవ్ మీద సైబర్ దాడి జరిగింది. దాదాపు 3 కోట్ల 10 లక్షల ఖాతాల వివరాలు దొంగల చేతికి చిక్కాయి, సైట్ మూతపడింది. తర్వాత పాత పేజీలు చూడటం మొదలైనా, కొత్తవి దాచే సౌకర్యం తిరిగి రావడానికి ఇంకొన్ని వారాలు పట్టింది. ప్రపంచం మొత్తం తన నిన్నటి పేజీల కోసం ఎంతగా ఒకే గుమ్మం ముందు నిలబడిందో ఆ రోజుల్లో తెలిసింది. ఇక 2025 ఆగస్టులో రెడిట్ అనే ఆన్‌లైన్ చర్చా వేదిక తన చర్చల పేజీలు చాలావరకు వేబ్యాక్ మెషీన్‌కు అందకుండా చేస్తామని చెప్పింది. ఏఐ కంపెనీలు ఆర్కైవ్ ద్వారా తమ సమాచారాన్ని లాగుతున్నాయన్నది కారణం. ఆ భయంలో న్యాయం లేదని అనను. కానీ బహిరంగంగా జరిగిన చర్చలకు నకలే లేకుండా పోతే రేపు చరిత్ర రాసేవాళ్లు, ఇవాళ వార్తలు రాసేవాళ్లు ఇద్దరూ నష్టపోతారు.

అందుకని ముఖ్యమైన ఆధారాన్ని ఒకేచోట పెట్టకండి. హార్వర్డ్ లా స్కూల్ గ్రంథాలయం 2013లో మొదలుపెట్టిన పర్మా సీసీ అనే సేవ ఉంది. న్యాయ పత్రికల్లోనూ అమెరికా సుప్రీంకోర్టు తీర్పుల్లోనూ లింకులు చచ్చిపోతున్నాయని గమనించి కట్టినది. ఒక్కో పేజీకి స్థిరమైన లింకు ఇస్తుంది. ఆర్కైవ్ టుడే అనేది కూడా వేగంగా పనిచేస్తుంది గానీ, దాన్ని నడిపేది ఎవరన్నది స్పష్టంగా తెలియని సేవ మీద నేను కథనం నిలబెట్టను. సోషల్ మీడియా పేజీలకైతే వెబ్‌రికార్డర్ వాళ్ల ఆర్కైవ్ వెబ్ పేజ్ అనే బ్రౌజర్ పరికరం మేలు. మనం చూస్తూ పోయినదంతా మన కంప్యూటర్‌లోనే ఫైలుగా దాస్తుంది. స్క్రీన్‌షాట్ తీసుకోవద్దని అనను, కానీ దాన్ని జ్ఞాపకానికి ఉంచుకునే కాగితంగానే చూడండి. బ్రౌజర్‌లో పేజీ కోడ్ తెరిచి ఏ మాటనైనా మార్చి స్క్రీన్‌షాట్ తీయడానికి నిమిషం పట్టదు. తరగతిలో నేనే చేసి చూపిస్తాను. అది చూశాక ఎవరూ వాట్సాప్‌లో వచ్చిన స్క్రీన్‌షాట్‌ను ఆధారమంటూ తీసుకురారు. మన చేతిలో లేని మూడో సంస్థ దాచిన నకలుకు ఉన్న విలువ అదే. ఇంటర్నెట్ ఆర్కైవ్ తన నకళ్ల గురించి కోర్టులకు అఫిడవిట్ ఇచ్చే పద్ధతి కూడా పెట్టుకుంది.

నీతి విషయం మాట్లాడకుండా ఈ సేవను సిఫార్సు చేయలేను. చెరిపేసినదాన్ని తీసి చూడగలగడం పెద్ద అధికారం. మంత్రి, కంపెనీ, పత్రిక, ప్రజల డబ్బుతో నడిచే సంస్థ, వీళ్లు బహిరంగంగా చెప్పి చెరిపేసినవి తవ్వడానికి నాకు ఏ సంకోచమూ లేదు. పదిహేడేళ్ల వయసులో ఏదో రాసి, పెద్దయ్యాక సిగ్గుపడి తీసేసుకున్న మామూలు మనిషి సంగతి వేరు. అతను ఏదో సంఘటనలో ఒక్కరోజు వార్తల్లోకి వచ్చినంత మాత్రాన అతని పాత బ్లాగు మొత్తం మన సొత్తు కాదు. డెస్కుకు ఇలాంటి కాపీ వస్తే నేను అడిగే ప్రశ్న, ఈ పాత మాట లేకపోతే కథనంలో పాఠకుడికి ఏం అర్థం కాకుండా పోతుంది అని. సరైన జవాబు రాకపోతే ఆ పేరా తీసేస్తాను.

ఈ చర్చ కోర్టుల దాకా వెళ్లింది. స్పెయిన్‌లో ఒక పౌరుడి పాత అప్పుల కోసం ఆస్తి వేలం వేస్తున్నట్టు 1998లో లా వాంగ్వార్డియా పత్రికలో ప్రకటనలు వచ్చాయి. అప్పు తీరిపోయి ఏళ్లు గడిచినా ఆయన పేరు వెతికితే అవే వచ్చేవి. 2014 మే 13న యూరోపియన్ న్యాయస్థానం, ఆయన పేరుతో వెతికినప్పుడు అలాంటి ఫలితాలను చూపించకుండా చేయమని సెర్చ్ ఇంజిన్‌ను కోరే హక్కు ఉందని తీర్పు ఇచ్చింది. పత్రిక ఆర్కైవ్‌లో మాత్రం ఆ ప్రకటనలు అలాగే ఉండిపోయాయి. ఆ తర్వాత కొన్ని పత్రికలు తమంతట తామే ముందుకొచ్చాయి. బోస్టన్ గ్లోబ్ 2021 జనవరిలో ఫ్రెష్ స్టార్ట్ అనే పద్ధతి మొదలుపెట్టింది. చిన్న నేరాల పాత వార్తల్లో ఉన్న మామూలు మనుషులు తమ కథనాన్ని తాజా చేయమని, పేరు తీసేయమని అడగవచ్చు. నాకు ఈ ఆలోచన నచ్చుతుంది. కానీ పత్రిక పేరు తీసేసినా వేబ్యాక్ మెషీన్‌లో పాత నకలు ఉంటుంది. అది తెలిసిన విలేకరి దాన్ని తీసి మళ్లీ కొత్త కథనంలో లింకుగా ఇస్తే, ఎడిటర్ ఆలోచించి ఇచ్చిన ఉపశమనాన్ని మనం ఒక్క క్లిక్కుతో రద్దు చేసినట్టే. లైంగిక దాడి బాధితులు, పిల్లలు ఉన్న కథనాల్లో ఇది ఇంకా కఠినంగా చూడాలి. పాత నకలు లింకు ఇచ్చేముందు ఆ పేజీలో ఎవరెవరి పేర్లు, ముఖాలు ఉన్నాయో కింద వ్యాఖ్యల దాకా చదవాలి.

జర్నలిజం పాఠాలు చెప్పేవాళ్లకు ఒక అభ్యాసం సూచిస్తాను. ప్రతి విద్యార్థికీ కొన్నేళ్ల కిందటి ఒక కథనం ఇవ్వండి. అందులో లింకులన్నీ తెరవమనండి. చచ్చినవాటికి, కథనం వచ్చిన తేదీకి అతి దగ్గరలోని నకలు వెతకమనండి. ఆ నకలులో ఉన్నదీ కథనంలో రాసిందీ ఒకటేనా అని ఒక పేజీ రాయమనండి. నియమావళిని కంఠస్థం చేయించడం కన్నా దీనివల్ల ఎక్కువ నేర్చుకుంటారు. ఆధారాన్ని ఎక్కడ వదులుగా వాడారో, ఎక్కడ పొదుపుగా వాడారో కళ్లకు కడుతుంది. నా తరగతుల్లో ఈ అభ్యాసం అయ్యాక విద్యార్థులు తమ కాపీల్లో "సైట్లో ఉంది" అని రాయడం మానేసి "ఫలానా తేదీన చూసినప్పుడు సైట్లో ఇలా ఉంది, నకలు ఇదిగో" అని రాయడం మొదలుపెట్టారు. మా డెస్కు కోరేది ఆ వాక్యమే.

అయిదు మార్కులకు నాలుగున్నర ఇస్తాను. ఆ అర మార్కు మినహాయింపుల గురించిన మౌనానికీ, నకలు వివరాల బటన్‌ను మూలన పెట్టినందుకూ కోసేశాను. మొదటిసారి వాడేవాళ్లు ఖాతా తెరుచుకుని, వేబ్యాక్ మెషీన్ వాళ్ల బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకోండి. ఇవాళ మీరు రాస్తున్న కథనంలోని లింకులన్నీ ప్రచురణకు ముందే దాచండి. అసలు లింకు, నకలు లింకు రెండూ కథనంలో ఇవ్వండి. మీ సంస్థకు స్తోమత ఉంటే ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు విరాళం ఇవ్వమని యాజమాన్యాన్ని అడగండి. వార్తా సంస్థలు దీన్ని రోజూ వాడుకుంటున్నాయి, దాని ఖర్చులో వాటికీ వాటా ఉండాలి.